నీలి టూర్మలీన్ పుట్టిన నేలలో: మినాస్ జెరైస్ యాత్ర

రియో డి జనీరోకి ఉత్తరాన, సముద్రం తగలని పెద్ద రాష్ట్రం మినాస్ జెరైస్. దాని తూర్పు భాగంలో దోసి నది, ఈశాన్యంలో జెకితిన్యోన్య నది పారుతాయి. ఈ రెండు లోయల కొండల్లో దొరికే రాళ్ళలో ఇండికోలైట్ ఒకటి. టూర్మలీన్ అనే నగల రాయిలో నీలిరంగుదానికి వ్యాపారంలో అది పేరు. పచ్చ టూర్మలీన్, గులాబీ టూర్మలీన్ బాగానే దొరుకుతాయి కానీ శుభ్రమైన నీలం అరుదు.

వెళ్ళేముందు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈ రాయిలో రంగు అన్ని దిక్కులా ఒకటి కాదు. టూర్మలీన్ స్ఫటికం పెన్సిల్‌లా పొడుగ్గా, ఒంటి మీద నిలువు గీతలతో పెరుగుతుంది. పక్క నుంచి చూస్తే నీలంగా ఉన్న స్ఫటికమే కొస నుంచి చూస్తే నల్లగా, సిరా సీసాలోకి చూసినట్టు కనిపించవచ్చు. గనిలో విలువ కట్టడం, చౌక్‌లో బేరం, సాన గదిలో కోత, అన్నీ ఈ గుణం మీదే నడుస్తాయి. ఈ యాత్రలో ప్రతి ఊళ్ళోనూ మొదట అడిగిందీ, మొదట చూపించిందీ ఇదే.

జూన్ నెల ఎంచుకోవడానికి కారణం వాన. నవంబరు నుంచి మార్చి దాకా వానలు. మట్టి దారులు జారుతాయి, గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి. జూన్‌లో ఆకాశం తేటగా ఉంటుంది, రాత్రిళ్ళు కొండల మీద స్వెటర్ కావాలి.

జూన్ 9, సోమవారం: బెలో హొరిజోంతె నుంచి రైల్లో

బ్రెజిల్‌లో దూరప్రాంతాలకి ప్రయాణికుల రైళ్ళు దాదాపు లేవు. రోజూ నడిచేది ఈ దారిలోదే. బెలో హొరిజోంతె నుంచి సముద్రతీరంలోని విక్టోరియా నగరం పక్కదాకా 664 కిలోమీటర్లు. అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి, పొద్దున్నే బయల్దేరతాయి. ఎదురుగా ఇనుప ఖనిజం గూడ్సు రైళ్ళు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. మినాస్ అంటే గనులు. ఆ రైళ్ళ పొడవు చూస్తే ఈ రాష్ట్రం పేరులోనే గనులు ఎందుకున్నాయో తెలుస్తుంది.

పెట్టెలో టిఫిన్ తోపుడుబండి వచ్చింది. పావ్ జి కేజు అనే జున్ను (చీజ్) ఉండలు వేడివేడిగా ఉన్నాయి. పైన పెళుసు, లోపల సాగుతుంది. గోధుమ పిండి ఇందులో ఉండదు. కర్రపెండలం పిండి, అక్కడి జున్ను, గుడ్డు, పాలు కలిపి పొయ్యిలో కాలుస్తారు. పెద్దాపురం చుట్టుపక్కల సగ్గుబియ్యానికి పండించే కర్రపెండలమే ఇది. ఆ దుంప పుట్టిల్లు ఈ ఖండమే. రెండు రకాల పిండి వాడతారు, ఒకటి మామూలుది, ఇంకోటి పులియబెట్టింది. పులిసిన పిండి ఎక్కువైతే ఉండ బాగా పొంగుతుంది. చల్లారితే రబ్బరే. కాబట్టి పొయ్యి దగ్గరే తినాలి.

మధ్యాహ్నం నుంచి కిటికీలో దోసి నది కనిపిస్తుంది. 2015 నవంబరు 5న మరియాన దగ్గర ఇనుప గని వ్యర్థాల ఆనకట్ట తెగి 19 మంది చనిపోయారు. ఆ ఎర్ర బురద ఈ నది పొడవునా పారి సముద్రంలో కలిసింది. మేం దిగబోయే గవర్నడోర్ వలదారిస్ నగరానికి తాగునీరు ఆగిపోయింది. పక్క సీటులోని పెద్దావిడ నదిని వేలితో చూపించి, చేత్తో ముక్కు మూసుకుని, తల అడ్డంగా ఊపింది. ఆ తర్వాత సంచిలోంచి నారింజ తీసి సగం ఇచ్చింది. పక్కవాళ్ళకి పెట్టకుండా తినడం ఇక్కడ మర్యాద కాదు.

జూన్ 10, మంగళవారం: గవర్నడోర్ వలదారిస్

ఊరి పక్కనే 1,123 మీటర్ల ఇబితురూన శిఖరం. గ్లైడర్లు కట్టుకుని ఎగిరేవాళ్ళు దాని మీంచి దూకుతారు. ఊళ్ళోంచి అమెరికా వలస వెళ్ళినవాళ్ళు చాలా మంది. డాలర్లు పంపే దుకాణాల బోర్డులు, రాళ్ళ వ్యాపారుల బోర్డులు పక్కపక్కనే ఉంటాయి.

తెలుగువాళ్ళు ఇక్కడ తప్పక ఆగాల్సిన పేరు ఒకటి వినిపిస్తుంది: గోల్కొండ. ఈ మునిసిపాలిటీ పరిధిలోని ఒక పాత గని పేరు అది. మన కోట నుంచి, కృష్ణ ఒడ్డు వజ్రాల కీర్తి నుంచి అరువు తెచ్చి పెట్టారు. అందులో వజ్రాలు లేవు. అభ్రకం తీశారు, టూర్మలీన్ తీశారు. ఇక్కడి పచ్చ, నీలి స్ఫటికాలు ప్రపంచ మ్యూజియాల్లో ఉన్నాయి.

మధ్యాహ్న భోజనం కిలో లెక్కన. పళ్ళెం తీసుకుని కావలసినవి వడ్డించుకుని తూకం వేయించాలి. కడుపు నిండా తింటే 30 నుంచి 45 రియాళ్ళు అవుతుంది. చిన్న హోటళ్ళలో అన్నం, చిక్కుడు గింజల పప్పు, ఆకుకూర వేపుడు, మాంసం కలిపి ఒకే పళ్ళెంగా ఇచ్చేది 20 నుంచి 30 రియాళ్ళు. మేం వెళ్ళినప్పుడు రియాల్ మన డబ్బుల్లో సుమారు 15, 16 రూపాయలు. శాకాహారులు ‘మాంసం వద్దు’ అంటే చాలదు. చిక్కుడు గింజల్లో పంది కొవ్వు ముక్కలు వేస్తారు, దాన్ని వీళ్ళు మాంసం కింద లెక్కపెట్టరు. బేకన్ కూడా వద్దని విడిగా చెప్పాలి. మాంసాహారులకి మాత్రం పండగే. బెండకాయ, కోడి కలిపి వండి, మొక్కజొన్న సంకటితో పెడతారు. బెండకాయ జిగురు పోవడానికి ముందు నూనెలో విడిగా వేపి, చివర్లో కూరలో కలుపుతారు. మన ఇంట్లో చేసే పనే.

సాయంత్రం ఒక వ్యాపారి ఆఫీసులో మొదటి పాఠం. కచ్చా స్ఫటికాలు తెల్ల కాగితం మీద పోశాడు. అన్నీ నీలమే. తర్వాత చిన్న టార్చి తీసి ఒక్కో స్ఫటికాన్నీ కొస కింద పెట్టి వెలిగించాడు. సగానికి పైగా దీపం కనిపించనంత నలుపు. కొన్ని సీసం రంగు. రెండు మాత్రం కొస నుంచి కూడా నీలంగా వెలిగాయి. మొదటివాటిని ‘మూసుకున్నవి’ అంటారు, చివరి రెండూ ‘తెరుచుకున్నవి’. పక్క నుంచి ఒకేలా కనిపించిన రాళ్ళ మధ్య ధర నాలుగైదు రెట్లు మారిపోయింది. రంగు ఇచ్చేది ఇనుము. కొంచెం ఉంటే లేత నీలం, ఎక్కువైతే సిరా రంగు. ఆ ఇనుము, స్ఫటికం పొడవునా వెళ్ళే వెలుగుని ఎక్కువ మింగుతుంది, అడ్డంగా వెళ్ళేదాన్ని తక్కువ.

టార్చి లేకపోతే పోలరైజ్డ్ చలవ కళ్ళద్దాలు చాలు. స్ఫటికాన్ని పక్క నుంచి చూస్తూ అద్దాన్ని నెమ్మదిగా తిప్పితే రంగు ఒకసారి ముదురుతుంది, ఒకసారి తేలికవుతుంది. గాజుముక్కలో, నకిలీగా వాడే కృత్రిమ స్పినెల్ రాయిలో ఈ మార్పు ఉండదు. నీలి అపటైట్ అనే వేరే రాయిలో ఉంటుంది కాబట్టి ఈ ఒక్క పరీక్షతో తేల్చకూడదు.

జూన్ 11, బుధవారం: సఫీర కొండ దారి

వలదారిస్ నుంచి సావ్ జోసె ద సఫీర వైపు బయల్దేరితే కొంత దూరం తారు రోడ్డు, తర్వాత ఎర్ర మట్టి. కొండల మీద పచ్చిక, ఆవులు, మధ్యమధ్య యూకలిప్టస్ తోటలు. ఫోన్ సిగ్నల్ పోయాక దారి తప్పడం ఇక్కడ మామూలే. తోటల్లో కలప లారీల కోసం వేసిన దారులు అసలు రోడ్డుకన్నా వెడల్పుగా ఉంటాయి, అటే వెళ్ళాలనిపిస్తుంది. చివరికి నరికిన మొద్దుల గుట్ట దగ్గర ఆగిపోతాయి. గుర్తు ఒకటే: కరెంటు స్తంభాలు ఉన్న దారి ఊరికి వెళ్తుంది. పాలక్యాన్లతో గుర్రం మీద వస్తున్న ఒకాయన్ని అడిగితే ‘అదిగో, అక్కడే’ అని గడ్డంతో చూపించాడు. మినాస్ పల్లెల్లో ఆ మాటకి రెండు కిలోమీటర్లూ కావచ్చు, పదిహేనూ కావచ్చు. ఎంతసేపు పడుతుందని అడగాలి, ఎంత దూరమని కాదు.

కొండ మీద క్రుజేరో అనే పేరున్న గని ఉంది. అనుమతి లేకుండా సొరంగాల్లోకి పంపరు, పంపకూడదు కూడా. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇక్కడ తీసింది అభ్రకం. రేడియోలకీ విమానాలకీ అప్పుడు అభ్రకం కావాలి. గూడూరు, సైదాపురం గనులూ అదే కాలంలో అదే పని చేశాయి. రోడ్డు దుమ్ములో కాకిబంగారం తళతళలాడటం చూసి పెరిగిన నెల్లూరు జిల్లావాళ్ళకి ఈ కొండ కొత్తగా అనిపించదు. శిల కూడా ఆ జాతిదే, పెగ్మటైట్. కరిగిన శిలలో చివరిదాకా గడ్డకట్టకుండా మిగిలిన ద్రవం పగుళ్ళలోకి చేరి, నెమ్మదిగా చల్లారితే పెద్ద పెద్ద స్ఫటికాలు వస్తాయి. గూడూరు వైపు ఆ ద్రవంలో దొరికిన టూర్మలీన్ నల్లది. ఇక్కడి ద్రవంలో లిథియం చేరి ఇనుము తగ్గింది కాబట్టి నలుపు పోయి రంగులొచ్చాయి.

గని బయట వ్యర్థాల గుట్ట మీద ఒక ముసలి గరింపేరో, అంటే సొంతంగా తవ్వుకునే పనివాడు, శిల చదవడం చూపించాడు. అతని గోళ్ళ కింద తెల్ల మట్టి ఎప్పటికీ పోనట్టు ఉంది. అంచున పెద్ద ఫెల్డ్‌స్పార్ ఖనిజం, నల్ల టూర్మలీన్ ఉంటే ఇంకా బయటే ఉన్నట్టు. లోపలికి పోయేకొద్దీ రేకులు రేకులుగా తెల్లటి ఆల్బైట్ ఖనిజం, ఊదారంగు అభ్రకం కనిపిస్తే జాగ్రత్త పెంచాలి. పలుగురాయి పొగరంగుకి తిరిగి, శిల మెత్తబడి, తెల్ల బంకమట్టి చేతికి తగిలితే గూడు దగ్గర పడ్డట్టే. ఆ గూటిని వీళ్ళు ‘కల్దేరావ్’ అంటారు, అండా అని అర్థం. అక్కడి నుంచి డ్రిల్లు, మందుగుండు ఆపేస్తారు. చెక్క పుల్లలతో, చేతులతో మట్టి తీస్తారు. మందుగుండు అదురుకి స్ఫటికం పైకి బాగానే ఉంటుంది, సాన పెట్టేటప్పుడు లోపలి పగులు విచ్చుకుంటుంది. తొందరపడి పేల్చిన గూడులోని రాళ్ళు సగం ధరకి కూడా పోవు.

గుట్ట మీద దొరికేవి ఎక్కువగా నల్ల ముక్కలు, పచ్చ పుల్లలు. పిల్లలు వాటిని సీసాల్లో నింపి అమ్ముతారు. నగకి పనికిరావు కానీ రంగు లోపలికి ఎలా మారుతుందో నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి సరుకు లేదు.

1674లో సావ్ పావులో నుంచి ఫెర్నావ్ జియాస్ అనే అన్వేషకుడు పచ్చల కోసం ఈ రాష్ట్రపు అడవుల్లోకి దిగాడు. ఏళ్ళ తరబడి తిరిగి, ఆకుపచ్చ రాళ్ళు చేతికందాక, అవి పచ్చలే అన్న నమ్మకంతో 1681లో జ్వరంతో చనిపోయాడు. అవి టూర్మలీన్లు. సావ్ పావులో, బెలో హొరిజోంతె మధ్య హైవేకి ఇప్పుడు అతని పేరే.

జూన్ 12, గురువారం: తియోఫిలో ఒతోని

బీఆర్ 116 హైవే మీద వలదారిస్ నుంచి ఉత్తరానికి సుమారు 140 కిలోమీటర్లు. లారీలు ఎక్కువ, వంపులు ఎక్కువ, మూడు గంటలు పెట్టుకోవాలి. 1853లో ఫిలదెల్ఫియా పేరుతో కట్టిన ఊరు ఇది, తర్వాత కట్టించినవాడి పేరు వచ్చింది. ఊరి నడుమ చిరాదెంతిస్ చౌక్. పెద్ద చెట్లు, బల్లలు, ఆ బల్లల మీద రాళ్ళ దళారులు. చొక్కా జేబుల్లోంచి మడత కాగితాలు బయటికి వస్తాయి, లోపలికి పోతాయి. చెట్ల మీద చాలా నెమ్మదిగా కదిలే స్లాత్ జంతువులు ఉంటాయని చెప్తే పైకి చూస్తూ నడిచేవాళ్ళు ఉన్నారు. కింద బేరాలు మాత్రం చకచకా సాగుతాయి.

ఇక్కడి మర్యాదలు రాతలో ఉండవు, తప్పితే అందరూ గమనిస్తారు. కాగితం మడత విప్పేది అమ్మేవాడే. రాయిని చేతి నుంచి చేతికి తీసుకోకూడదు, బల్ల మీద పెట్టాక తీసుకోవాలి. మధ్యలో పడితే ఎవరిదన్న గొడవ రాదు. టార్చి వేసేముందు అడగాలి. మొత్తం పొట్లం ధర వేరు, అందులోంచి ఏరుకుంటే ధర వేరు. ఏరుకునే ధర రెట్టింపు దాకా ఉండవచ్చు, దానికి నొచ్చుకోకూడదు. కొనే ఉద్దేశం లేకుండా అంకె చెప్పడం అన్నిటికంటే పెద్ద తప్పు. అంకె చెప్తే, అతను సరే అంటే, ఇక అది కొన్నట్టే. ఒకరు చూస్తున్న పొట్లం మీదికి ఇంకొకరు వంగరు. పక్కనే నిలబడి కాఫీ తాగుతారు. ఫ్లాస్కులోని ఆ కాఫీలో చక్కెర ముందే కలిపి ఉంటుంది, డబ్బులు తీసుకోరు.

వెలుగు విషయంలో మనవాళ్ళు పొరపడతారు. జైపూర్‌లో రాయి చూడ్డానికి ఉత్తరం కిటికీ దగ్గర కూర్చుంటారు, ఎండ నేరుగా పడదని. ఇక్కడ భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్నాం. జూన్‌లో సూర్యుడు ఉత్తరం వైపే తిరుగుతాడు. కాబట్టి దక్షిణం కిటికీ కావాలి. పొద్దున పది నుంచి రెండు లోపు చూడాలి. సాయంత్రపు ఎండలో, పసుపు బల్బు కింద ఇండికోలైట్ మసకబారి ఆకుపచ్చకి తిరుగుతుంది. తెల్ల ఎల్‌ఈడీ కింద అసలుకన్నా నీలంగా కనిపిస్తుంది. నీడలో ఒకసారి, ఎండలో ఒకసారి, మామూలు బల్బు కింద ఒకసారి చూసి, మూడు చోట్లా నిలిచిన రంగుకే డబ్బివ్వాలి.

ధర లెక్క ఇలా వేస్తారు. కచ్చా రాయి గ్రాముల్లో, సాన పట్టింది క్యారెట్లలో. గ్రాముకి ఐదు క్యారెట్లు. టూర్మలీన్‌లో తరుగు పోగా నిలిచేది ఇంచుమించు ఐదో వంతు, అదృష్టం ఉంటే నాలుగో వంతు. అంటే గ్రాము కచ్చా రాయి నుంచి ఒక్క క్యారెట్ చేతికొస్తుందని అనుకోవచ్చు. గ్రాముకి 100 డాలర్లు అడిగితే తయారైన క్యారెట్ మీద 100 డాలర్లు, పైన సాన కూలి. ఈ లెక్క నోటికి రానివాళ్ళు కచ్చా రాయి కొనకపోవడమే మేలు. తయారైన ఇండికోలైట్‌లో నల్లబారినవి క్యారెట్ కొద్ది పదుల డాలర్లకే వస్తాయి. తేటగా, శుభ్రంగా, మూడు క్యారెట్లు దాటిన నీలం వందల్లో ఉంటుంది.

‘పరాయిబ’ అన్న మాట చౌక్‌లో తేలిగ్గా వినిపిస్తుంది. ఆ పేరున్న రాయి వేరు. ఈశాన్యాన పరాయిబ రాష్ట్రంలో సావ్ జోసె ద బతాల్య అనే ఊళ్ళో 1980ల చివర్లో బయటపడింది. దానికి రంగునిచ్చేది రాగి, అందుకే నియాన్ దీపంలా వెలుగుతుంది. తర్వాత నైజీరియా, మొజాంబిక్‌లలో కూడా రాగి ఉన్న టూర్మలీన్లు దొరికాయి. మంచి రాయి ధర క్యారెట్‌కి వేల డాలర్లలో ఉంటుంది. లేత ఇండికోలైట్‌ని ఆ పేరుతో అంటగట్టాలని చూస్తారు. రాగి ఉందా లేదా అన్నది ల్యాబ్ పరికరమే చెప్పాలి, కన్ను చాలదు.

నగ సైజు టూర్మలీన్‌ని ఫ్యాక్టరీలో వ్యాపారానికి తయారుచేయడం లేదు. అందుకే మోసం వేరే రాళ్ళతో జరుగుతుంది: గాజు, కృత్రిమ స్పినెల్, రంగు మార్చిన నీలి టోపాజ్. పది రెట్ల భూతద్దంతో, సాన పట్టిన రాయి పైనున్న చదును ముఖంలోంచి అడుగున కోసిన ముఖాల అంచులు చూడాలి. టూర్మలీన్‌లో ఆ అంచులు జంటలుగా కనిపిస్తాయి. టోపాజ్‌లో అంత విడిపోవు, గాజులోనూ స్పినెల్‌లోనూ అసలు విడిపోవు. ఇంకా నమ్మకం కావాలంటే నీళ్ళలో తూకం. 12.24 క్యారెట్ల రాయిని దారంతో కట్టి నీళ్ళలో వేలాడదీసి తూచితే 8.24 వచ్చిందనుకుందాం. తగ్గింది 4. 12.24ని 4తో భాగిస్తే 3.06, అది టూర్మలీన్. అదే టోపాజ్ అయితే 3.53 రావాలి. రాయికి గాలి బుడగ అంటుకుంటే లెక్క తప్పుతుంది, నీళ్ళలో ఒక్క చుక్క సబ్బు వేస్తే బుడగ నిలవదు.

గాజు బీరువాలో దీపాల కింద పెట్టిన టూర్మలీన్ల మీద మాత్రం దుమ్ము ఎక్కువ పేరుకుని ఉంటుంది. వేడెక్కితే స్ఫటికం రెండు కొసల్లో విద్యుత్తు పుట్టి దుమ్ముని లాగుతుంది. పక్క అరలోని టోపాజ్ శుభ్రంగా ఉండటం గమనించవచ్చు.

రాత్రి భోజనానికి చోటు దొరకలేదు. జూన్ 12 బ్రెజిల్‌లో ప్రేమికుల రోజు. ప్రతి బల్ల మీదా గులాబీ, ప్రతి గుమ్మం ముందూ వరుస. వీధి చివర బండి దగ్గర మొక్కజొన్న పొత్తులు, జున్ను కాల్చిన పుల్లలు తిన్నాం. పొత్తుకి వెన్న రాసి ఉప్పు చల్లారు, 8 రియాళ్ళు.

జూన్ 13, శుక్రవారం: సాన గదిలో

పక్క వీధుల్లో మేడ మీద గదుల్లో సాన చక్రాలు తిరుగుతాయి. నలుగురైదుగురు పనివాళ్ళు, కిటికీ కింద బల్లలు, నీటి చుక్కల శబ్దం.

మొదటి పని చర్మం తీయడం. టూర్మలీన్ పైపొరలో సన్నని పగుళ్ళు ఉంటాయి, వాటిని 260 నంబరు ముతక చక్రం మీద అరగదీస్తే తప్ప లోపల ఏముందో తెలియదు. కోయాల్సి వస్తే పలుచని వజ్రపు రంపం, దాని మీద నీరు ఆగకుండా పడాలి. ఈ రాయిలో బిగువు నిలవ ఉంటుంది. నీరు ఒక్క క్షణం ఆగి వేడి పుడితే అడ్డంగా విరుగుతుంది. లక్కతో కర్రకి అంటించేటప్పుడూ అదే ప్రమాదం, అందుకే చాలా మంది వేడి లేకుండా అంటుకునే జిగురుకి మారారు.

ఇక దిక్కు. పై ముఖాన్ని స్ఫటికం పొడవుకి సమాంతరంగా పెడతారు. పక్క నుంచి కనిపించే మంచి నీలం కంటికి ఎదురుగా రావాలని. ఇండికోలైట్లు చాలా వరకు పొడవాటి దీర్ఘచతురస్రాలుగా ఉండటానికి కారణం స్ఫటికం ఆకారంతో పాటు ఇది కూడా. కొస నుంచి నల్లగా ఉన్న రాయికి రెండు చివరల అడుగు ముఖాలని బాగా నిటారుగా, 70 డిగ్రీలు దాటించి కోస్తారు. మామూలు కోణంలో కోస్తే ఆ ముఖాలు స్ఫటికం పొడవునా వచ్చే నల్లటి వెలుగుని పైకి తిప్పి పంపుతాయి. అప్పుడు రాయి రెండు కొసల్లోనూ నల్ల పట్టీలు పడతాయి. సంతల్లో చవగ్గా దొరికే ఇండికోలైట్లలో చాలా వరకు ఈ కోత తప్పు వల్లే నల్లబడ్డవి. రాయి మంచిదే. ఇది చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే తిరిగి కోస్తే బరువు పోతుందని ఎవరూ ముట్టుకోరు.

పొడవు పక్కల అడుగు ముఖాలకి 40 నుంచి 43 డిగ్రీలు. ఈ రాయికి హద్దు 38 డిగ్రీలకి దగ్గర. అంతకన్నా తగ్గితే వెలుగు కిందికి జారిపోయి నడుమ కిటికీ పడుతుంది, రాయిలోంచి అచ్చు అక్షరాలు చదవొచ్చు. కొనేటప్పుడు రాయిని న్యూస్‌పేపర్ మీద పెట్టి చూడటం అందుకే.

తర్వాత 600, 1200, 3000 నంబర్ల మెత్తని చక్రాలు, చివర అల్యూమినా పొడితో తగరం చక్రం మీద మెరుగు. ఇక్కడ ఇబ్బంది పెట్టేవి స్ఫటికం పొడవునా ఉండే సన్నని గొట్టాలు. వాటి నోరు ముఖం మీదికి వస్తే అందులో ఇరుక్కున్న ముతక పొడి మెరుగు వేళ బయటపడి గీతలు గీస్తుంది. గుర్తు పట్టిన పనివాడు ప్రతి నంబరు మారేముందు రాయిని బ్రష్‌తో కడుగుతాడు. రాయికి అరగంట ఎక్కువ పడుతుంది, గీత పడదు.

ముదురు రాళ్ళని కొలిమిలో పెట్టి తేలికపరచడం ఇక్కడ దాపరికం లేని పని. ఇసుకలో పాతి, గంటల తరబడి నెమ్మదిగా 500 డిగ్రీల సెల్సియస్ దాటించి, అంతే నెమ్మదిగా చల్లారుస్తారు. ఆకుపచ్చ ఛాయ తగ్గి నీలం తేలుతుంది. లోపల ద్రవపు బుడగలున్న రాయి పగిలిపోతుంది, కాబట్టి శుభ్రమైనవే పెడతారు, సాధారణంగా కోత అయ్యాక. కాల్చిన రంగు నిలుస్తుంది. చూసి చెప్పడం ల్యాబులకే కష్టం. అమ్మేవాడిని అడిగి బిల్లు మీద రాయించుకోవాలి. పగుళ్ళలో రెసిన్ నింపడం వేరే సంగతి. భూతద్దం కింద రాయిని వంచుతూ చూస్తే పగులు వెంట ఊదా, నారింజ మెరుపు కనిపిస్తుంది. అలాంటిది వద్దు.

సాయంత్రం సెయింట్ ఆంథోనీ పండగ. గుడి ముందు మంటలు, రంగు కాగితాల తోరణాలు, గళ్ళ చొక్కాల పిల్లలు. తెల్ల మొక్కజొన్నని పాలలో ఉడికించి వేరుశనగ, దాల్చిన చెక్క వేసిన పాయసం కాగితపు గ్లాసులో 7 రియాళ్ళు. సాన గదిలో కోణాలు చెప్పిన పెద్దాయన అక్కడ అకార్డియన్ వాయిస్తున్నాడు.

జూన్ 14, శనివారం: అరసువాయి సంత

తెల్లారకముందే బయల్దేరితే తప్ప సంత అందదు. వాయవ్యానికి వెళ్ళేకొద్దీ పచ్చదనం పోయి ముళ్ళ చెట్లు, పొడి నేల. 1966 దాకా సముద్రతీరం నుంచి ఈ ఊరి వరకు బహియా మినాస్ రైలు నడిచింది. దాన్ని ఎత్తేశాక లోయ ఒంటరిదైపోయిందని ఇక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తారు.

మార్కెట్లో బెల్లం అచ్చులు, కర్రపెండలం పిండి బస్తాలు, ఎండు మాంసం, నూనెలో ఊరవేసిన పెకి పండు సీసాలు. పెకి పసుపు రంగు గుజ్జు, ఘాటైన వాసన, అన్నంలో వేసి వండుతారు. కొరకకూడదు. గింజలో వెంట్రుకల్లాంటి ముళ్ళు ఉంటాయి, నాలుకలో దిగితే ఒక్కొక్కటీ పట్టకారుతో తీయాలి. ముందు పళ్ళతో గుజ్జుని గీకి తినాలి. వడ్డించిన ఆవిడ ఎదురుగా నిలబడి, తను గీకి చూపించి, మేం సరిగ్గా చేస్తున్నామో లేదో చూసి గానీ కదల్లేదు. పళ్ళెం 22 రియాళ్ళు.

మట్టి బొమ్మలు కూడా ఇక్కడే. పెళ్ళికూతుళ్ళు, పిల్లకి పాలిచ్చే తల్లులు, మనిషి తలంత మొహాలు. రంగులన్నీ మట్టివే, తెలుపు, ఎరుపు, గోధుమ. ఇంట్లో కుండలు చేసే స్త్రీల నుంచి వచ్చిన కళ. విమానంలో తేవడం కష్టం, అరచేతి సైజు కోడిపెట్టలు సులువు.

జూన్ 15, ఆదివారం: ఇతింగ, విర్జెం ద లాప

జెకితిన్యోన్య నది వెంట ఇతింగ. రోడ్డు మీద కొత్త లారీలు, అద్దె ఇళ్ళకి బోర్డులు. ఈ కొండల్లోని పెగ్మటైట్లలో స్పోడుమీన్ అనే ఖనిజం ఉంది, దాన్నుంచి బ్యాటరీలకి లిథియం తీస్తారు. 2023లో పెద్ద ఓపెన్ గని ఉత్పత్తి మొదలయ్యాక ప్రభుత్వం ఈ ప్రాంతాన్ని లిథియం లోయ అంటోంది. టూర్మలీన్‌కి రంగులు రావడానికి కారణమైన లిథియమే ఇది. ఒకప్పుడు గరింపేరోలు టూర్మలీన్ కోసం వెతుకుతూ అడ్డొచ్చిన స్పోడుమీన్‌ని గుట్టగా పారేశారు. ఇంటద్దెలు పెరిగాయని, దుమ్ము ఎక్కువైందని హోటల్ ఆవిడ చెప్పింది. కొడుక్కి ఉద్యోగం వచ్చిందని కూడా చెప్పింది.

విర్జెం ద లాప చిన్న ఊరు. నీలి టూర్మలీన్‌కీ, సహజమైన లేత నీలం టోపాజ్‌కీ స్ఫటికాలు సేకరించేవాళ్ళలో ఈ పేరు గొప్పది. ఆదివారం కాబట్టి గని పని లేదు. గుమ్మాల ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నవాళ్ళు లోపలి నుంచి అట్టపెట్టెలు తెస్తారు. తెల్ల ఆల్బైట్ రేకుల మీద నిలబడ్డ నీలి పుల్ల, వేలెడంత ఉంటుంది, సాన పట్టేవాడికి పెద్దగా పనికిరాదు. శిలతో సహా విడవకుండా ఉంటే సేకర్త ఇచ్చే ధర ఎక్కువ. ఇక్కడ చూడాల్సింది జిగురు. విరిగిన స్ఫటికాన్ని తిరిగి అతికిస్తారు, చెప్పి అమ్మితే తప్పు కాదు. నిలువు గీతలు పైనుంచి కిందిదాకా తెగకుండా వస్తున్నాయా అని భూతద్దంతో చూడాలి. మధ్యలో కొద్దిగా పక్కకి జరిగితే అతుకే. అతినీలలోహిత టార్చి కింద జిగురు తెల్లగా మెరుస్తుంది.

తిరుగు దారి

బిల్లు లేకుండా రాయి బయటికి తీసుకురావద్దు. తవ్వే హక్కు ఉన్న గరింపేరోకి జాతీయ గనుల సంస్థ ఇచ్చిన అనుమతి పత్రం ఉంటుంది. కొన్న చోట పన్ను బిల్లు ఇవ్వాలి. చౌక్‌లో నచ్చిన రాయిని రిజిస్టరైన ఎగుమతిదారు ద్వారా బిల్లు చేయించుకోవడం అందరూ చేసే పద్ధతి, దానికి ఒకట్రెండు రోజులు పెట్టుకోవాలి. కచ్చా రాయికి కాగితాలు ఇంకా ఎక్కువ. మన విమానాశ్రయంలో కస్టమ్స్‌కి చూపించి రావాలి. బ్రెజిల్ నుంచి వచ్చేవాళ్ళని ఎల్లో ఫీవర్ టీకా కార్డు అడుగుతారు. వెళ్ళడానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో వేస్తారు.

శని కోసం నీలం పెట్టుకునేవాళ్ళు ఇండికోలైట్‌ని నీలం అని కొనకండి. నీలం కాఠిన్యం 9, దీనిది 7 నుంచి 7.5. రోజూ వేసుకునే ఉంగరంలో అంచులు రెండేళ్ళలో మొద్దుబారతాయి. లాకెట్‌కి, చెవి కమ్మలకి బాగుంటుంది. ఉంగరమే కావాలంటే చుట్టూ అంచు ఉన్న బిగింపు చేయించాలి. పొడవాటి రాయి మూలలు ముందుగా చిట్లుతాయి కాబట్టి నాలుగు మూలలూ కప్పాలి. అల్ట్రాసోనిక్ తొట్టిలో, ఆవిరిలో కడగనివ్వొద్దు, గోరువెచ్చని సబ్బు నీళ్ళు, మెత్తని బ్రష్ చాలు. ఉంగరం సైజు మార్చడానికి ఇచ్చేటప్పుడు, మంట పెట్టేముందు రాయి తీసి పక్కన పెట్టమని కంసాలికి నోటితో చెప్పాలి, చీటీ మీద కూడా రాయించాలి.